మంగంపేటలో మిగిలిన మంచు నాటకం

వాయుగుండం తీరం దాటుతోంది, అవసరమైతే తప్ప బయటికి వెళ్లవద్దు అని టీవీలో చెబుతున్న రోజు ఉదయం ఆరు గంటలకు నేను కర్నూలు బస్టాండులో కడప బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచి. "ఈ వానలో వెళ్లకపోతే కొంప మునిగిపోతుందా?" అని మా ఆయన ముందురోజు నుంచి సణుగుతూనే ఉన్నారు. మునిగిపోతుంది కాబట్టే వెళ్తున్నానని చెప్పాను.

మంగంపేట నుంచి హుసేనప్ప మామ కూతురు మస్తానమ్మ ఫోను చేసింది. "అక్కా, మా నాయనకు గొంతులో గడ్డ అన్నారు. సోమవారం తిరుపతిలో ఆపరేషనంట. గొంతులో మాట పుట్టే పెట్టెను తీసేస్తారంట. తీసేస్తే మాట్లాడతాడా?" అని అడిగింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన దాన్ని, ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. మాట్లాడలేడని, మెడ దగ్గర రంధ్రం పెడతారని, ఊపిరి అక్కడి నుంచే తీసుకుంటాడని, ప్రాణానికి మాత్రం అదే మేలని నిదానంగా చెప్పాను. ఫోను పెట్టేసి సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను.

హుసేనప్ప మామ మాకు చుట్టం కాదు. మా నాయన రాసిన నాటకంలో నాయక పాత్రధారి. ఆ నాటకంలో ఒక పద్యం ఉంది. నాయన దాన్ని తన ప్రాణంగా చూసుకున్నాడు. కానీ అది ఏ ఊళ్లోనూ, ఏ వేదిక మీదా చివరి దాకా వినిపించలేదు. నాయన పోయి చాలా ఏళ్లయింది. నాటకం రాసుకున్న కాగితాలు అటక మీద చెదలు తినేశాయి. నాకు మొదటి రెండు పాదాలే గుర్తున్నాయి. మొత్తం తెలిసిన మనిషి హుసేనప్ప మామ ఒక్కడే, రాసివ్వడానికి ఆయనకు చదువు రాదు, ఆయన గొంతు సోమవారం దాకే. అది ఒక్కసారి వినాలి, అంతే నా కోరిక.

బస్సు ఎక్కగానే కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి మా ఆయనకు నా ప్రయాణాల మీద ఖర్చు వంక పెట్టే అవకాశం పోయింది పాపం. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ అద్దం పూర్తిగా మూసుకోదు. నంద్యాల దాకా ఎడమ భుజం తడుస్తూనే ఉంది.

నంద్యాలలో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన సర్దుకుంది. చాగలమర్రిలో దిగాలట. శనగ విత్తి పట్టుమని పది రోజులు కాలేదట. "చేనంతా మడుగైపోయింది మ్మా. మొన్నటిదాకా వాన రావల్లని మొక్కితిమి. ఇప్పుడు ఆపమని యా దేవునికి మొక్కల్ల?" అంది. సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చాను, తల తుడుచుకుంది. "నువ్వు యాడికి పోతాండావు?" అని అడిగింది. ఒక పద్యం వినడానికి అంటే నవ్వుతుందేమోనని, బంధువులను చూడటానికి అన్నాను.

ఆళ్లగడ్డలో బస్సు కాసేపు ఆగింది. పొగలు కక్కే బొరుగుల ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. వాన పడుతున్నప్పుడు ఉగ్గాని తినని వాళ్లు ఏం బతుకుతున్నారో నాకు అర్థం కాదు. టీ మాత్రం పానకంలా ఉంది. అటుగా వెళ్లేవాళ్లు చక్కెర తగ్గించమని ముందే చెప్పండి.

ఆళ్లగడ్డ నుంచి మైదుకూరు దాకా కిటికీలో నీళ్లు నిలిచిన చేలు తప్ప ఏమీ కనిపించలేదు. నా మనసు కమలాపురం పక్కన మా పల్లెకు వెళ్లిపోయింది.

మా నాయన అక్కడ బడిపంతులు. ఊళ్లో అందరూ అయ్యవారు అనేవాళ్లు. బడి బీరువాలో ఎవరో దొర కాలం నాటి ఇంగ్లీషు భూగోళం పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఉత్తర సముద్రపు నావికుల గురించి ఒక పాఠం. భూమి నెత్తి మీదుగా చీనాకు దారి వెతుకుతూ కొయ్య ఓడల్లో బయలుదేరిన వాళ్లు, సముద్రం గడ్డకట్టి ఓడ ఇరుక్కుపోతే చలికాలమంతా సూర్యుడే లేని చీకట్లో గడిపిన వాళ్లు, తిండి అయిపోయి బూట్ల తోలు ఉడకబెట్టుకుని తిన్నవాళ్లు. నాయన జీవితంలో తిరుపతి దాటి ఎరగడు. మంచు అంటే సోడా బండి మీద రంపపు పొట్టు కప్పిన గడ్డే ఆయనకు తెలుసు. అయినా ఆ పాఠం ఆయన్ని పట్టుకుంది. ఒక ఓడను, దానికి విలియం దొర అనే నాయకుణ్ణి, లండనులో కిటికీ దగ్గర కూర్చునే మేరీ దొరసానిని తానే కల్పించుకుని పద్యనాటకం రాసేశాడు. నాయకుడు చివరికి గెలవడు. జబ్బుపడ్డ నావికులను వదిలి రాలేక, నడవగలిగిన వాళ్లను దక్షిణానికి పంపించి తాను మంచులోనే ఉండిపోతాడు. అయినా పేరు 'ఉత్తర దిగ్విజయం' అని పెట్టాడు. పేరులో విజయం లేకపోతే జనం రారని నాయన లెక్క. జనం మాత్రం దాన్ని మంచు నాటకం అనే పిలిచారు.

రెండేళ్లు ఎవరూ ఆడించలేదు. ఆ తరువాత గట్టి కరువు వచ్చింది. బావులు ఎండాయి, పశువులను తోలుకుని జనం వలస పోయారు. మా వైపు వాన రాకపోతే పురాణం చదివిస్తారు, కప్పలకు పెళ్లి చేస్తారు. అవన్నీ అయిపోయాయి. వాన జాడ లేదు. ఒకరోజు పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "అయ్యవారూ, మీ నాటకంలో యాడ జూసినా మంచూ, నీళ్లూ, సముద్రమేనంట గదా. మా ఊళ్లో ఆడించండి. పురాణానికే వాన వస్తాంటే, అంత సల్లని నాటకానికి రాకుండా యాడికి పోతాది?" అన్నాడు. నాయన ఇదంతా పట్టించుకునే స్థితిలో లేడు. తన నాటకం ఆడిస్తామన్నారు, అదే చాలు.

కంబళ్లు తిరగేసి తొడిగి తోలు కోట్లన్నారు. మేరీ దొరసాని వేషం కమలాపురం దర్జీ ఒకాయన కట్టాడు. మంచు కోసం హుసేనప్ప మామ మంగంపేట నుంచి ముగ్గురాయి పొడి మూటలు తెచ్చాడు. అప్పట్లో ఆయన ముగ్గురాయి లారీ మీద క్లీనరు. ఆ తెల్ల పొడి వేదికంతా చల్లితే ముందు వరసలో కూర్చున్న మేమందరం తుమ్ముతూ, పిండిలో పొర్లించినట్టు తయారయ్యాం. మంచు మీద బండి లాగే కుక్కల కోసం ఊరకుక్కలకు తాళ్లు కట్టారు. హార్మోనియం మొదలవగానే అవి బండిని, బండి మీది నావికుణ్ణి కలిపి జనంలోకి లాక్కుపోయాయి. ఎండాకాలంలో కంబళి కప్పుకుని చలికి వణికినట్టు నటించడం హుసేనప్ప మామకే చెల్లింది. ఒళ్లంతా చెమట, పళ్లు మాత్రం టకటక కొట్టుకునేవి.

ఇక ఆ పద్యం. నెలల తరబడి చీకట్లో మగ్గిన నాయకుడు ఓడ పైకెక్కి సూర్యుణ్ణి పిలుస్తాడు. హుసేనప్ప మామ చేతులెత్తి 'రమ్ము సూర్యదేవ' అని అందుకున్నాడో లేదో, ఆ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "ఆపండప్పా. ఈడ మూడేండ్ల నుంచి ఎండకు సస్తాంటే, నువ్వు ఇంకా సూర్యున్ని రమ్మంటాండావా?" అన్నాడు. జనమంతా లేచారు. నాయన వేదిక మీదికి పరుగెత్తి, అది ఉత్తర ధ్రువంలో సూర్యుడని, మన సూర్యుడు కాదని చెప్పబోయాడు. "సూర్యుడు యాడైనా ఒకడే గదా అయ్యవారూ" అన్నాడాయన.

అప్పటి నుంచి ఏ ఊళ్లో ఆడించినా ముందే షరతు పెట్టేవాళ్లు. నాటకం మొత్తం కావాలి, ఆ ఒక్క పద్యం వద్దు. నాయన ఆ జాగాలో మేఘాన్ని పిలిచే పద్యం ఇరికించాడు. అది ఎక్కడ పాడినా చప్పట్లే. నాయన మాత్రం తెర వెనక ముఖం వేలాడేసుకుని కూర్చునేవాడు. "ఆ పద్యం కోసమే నాటకం రాసినా పాపా, మిగిలిందంతా దానికి పందిరి" అని ఒకసారి నాతో అన్నాడు. వాన మాటకొస్తే, నాటకానికి రాలేదు. ఎప్పుడో దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చింది.

కడపలో దిగేసరికి పదకొండు దాటింది. బస్టాండు దగ్గర ఒక మెస్సులో రాగిసంగటి, వేరుశనగల ఊరిబిండి తిన్నాను. ఊరిబిండి బాగుంది, సంగటి ముద్ద మాత్రం మా చిన్నప్పటి దానిలో సగం. ఆటోలో స్టేషనుకు వెళ్లి ఓబులవారిపల్లెకు టికెట్టు తీసుకున్నాను. తిరుపతి వైపు ప్యాసింజరు గంటకు పైగా ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద తడిసిన జనం, తడిసిన మూటలు, తడవని జాగా కోసం కుక్కలతో మనుషుల పోటీ.

రైల్లో నా ఎదురుగా కోడూరు అరటికాయల వ్యాపారి కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. తోటలు పడిపోయాయని ఫోనులో ఎవరితోనో వాపోయి, ఫోను పెట్టేసి, నన్ను పలకరించాడు. ఈసారి దాచలేదు. పద్యం వినడానికి వెళ్తున్నానని చెప్పాను, నాటకం కథ కూడా చెప్పాను. పగలబడి నవ్వాడు. "మంచు సముద్రంలో ఓడా? మన కడప జిల్లాలోనా? కంబళ్లు కప్పుకోనా?" అని రెండుసార్లు అడిగాడు. తరువాత నవ్వు ఆపి, "పాపం గదక్కా, ఆ దొర. సూర్యుడు రాకపాయనా ఆఖరికి?" అన్నాడు. నాటకంలో వస్తాడని, కానీ అప్పటికి నాయకుడు చూడలేని స్థితిలో ఉంటాడని చెప్పాను. అతను కిటికీ వైపు తిరిగాడు. నందలూరు దగ్గర చెయ్యేరు వంతెన మీద రైలు నెమ్మదించింది. కింద ఏరు ఈ దరి నుంచి ఆ దరికి ఎర్రగా పోతోంది. నా చిన్నప్పుడు ఆ ఏటిలో ఇసుక తప్ప చూసిన గుర్తు లేదు.

ఓబులవారిపల్లెలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. మంగంపేట దారిలో చెట్లు ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. మిల్లుల్లోంచి ఎగిరే ముగ్గురాయి పొడి ఆకుల మీద పేరుకుని ఉంటుంది. ఈసారి వాన వాటిని కడిగేసింది. మస్తానమ్మ పెళ్లికి వచ్చినప్పుడు చూసిన దారి ఇదేనా అనిపించింది. గనుల్లో నీళ్లు చేరాయని, నాలుగు రోజులుగా పని లేదని, కూలి లేదని ఆటో అబ్బాయి చెప్పాడు.

హుసేనప్ప మామ ఇల్లు బండల మిద్దె, ముందు రేకుల పంచ. ఆయన పంచలో మంచం మీద మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు. "అయ్యవారి పాప వచ్చిందా" అన్నాడు. అది గొంతు కాదు, గాలి. ఒకప్పుడు మూడు ఊళ్ల అవతలికి వినిపించిన మనిషి ఆయన. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వాన నీళ్లు తుడుచుకుంటున్నట్టు కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

ఆయన భార్య ఖాసింబీ అత్త నా చేయి పట్టుకుని నేరుగా వంటింట్లోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరగా వేసింది. "నువ్వు ఎందుకు వచ్చినావో నాకు దెల్సు పాపా. పాడమని మాత్రం అడగొద్దు. పోయిన వారం ఎవరో అడిగితే పాడబొయ్యి రక్తం కక్కినాడు. డాక్టరు నోరు మెదపొద్దన్నాడు. నువ్వు నర్సమ్మవు, నీకు నేను జెప్పాల్నా?" అంది. చెప్పక్కర్లేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్ని. అడగనని ఆమె చేతిలో చేయి వేశాను. కర్నూలు నుంచి మోసుకొచ్చిన కోరికను ఆ వంటింట్లోనే దించేశాను. సులభంగా కాదు.

సాయంత్రమంతా ఆపరేషను గురించే మాట్లాడాను. రంధ్రాన్ని ఎలా శుభ్రం చేయాలి, స్నానం చేసేటప్పుడు నీళ్లు పోకుండా ఏం చూసుకోవాలి, ఎన్నాళ్లకు మామూలు తిండి తినొచ్చు అన్నీ మస్తానమ్మకు చూపించాను. హుసేనప్ప మామ వింటూ, కంబళిలో వణికే దొర వేషం వేసి పళ్లు కొట్టి చూపించి మమ్మల్ని నవ్వించాడు. ఖాసింబీ అత్త ఒక్కతే నవ్వలేదు. "వారంలో నాలుగు దినాలు నాటకాలే ఈయనకు. పిల్లోల్లకు జరమొచ్చినా నేనే, ఇంట్లో బియ్యం నిండుకున్నా నేనే. ఆ మంచు నాటకం ఎట్లుంటాదో నేను ఒక్కనాడు సూసింది లేదు. దాని మొగం సూడను అని ఒట్టు పెట్టుకున్నా" అంది. మామ తల వంచుకుని తువ్వాలు సర్దుకున్నాడు. నేను వాళ్లింట్లోనే పడుకున్నాను. బయట ఉండాలనుకునే వాళ్లకు కోడూరులోనో రాజంపేటలోనో లాడ్జీలు దొరుకుతాయి.

పొద్దున కూడా వాన ఆగలేదు. అయ్యవారి కూతురు వచ్చిందని తెలిసి, పనులు లేక ఇళ్లల్లో ముడుచుకున్న ఇరుగుపొరుగు వాళ్లు పది మంది దాకా పంచలో చేరారు. మస్తానమ్మ అందరికీ టీ ఇచ్చింది. మాటల్లో ఎవరో నాటకం సంగతి ఎత్తారు. సూర్యుడి పద్యాన్ని ఊరూరా ఎలా ఆపించారో నేను చెబుతుంటే అందరూ నవ్వారు. ఎదురింటి లక్ష్మమ్మవ్వ మాత్రం నవ్వలేదు. గోడకు చేరగిలబడి కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉన్న ఆమె, "అంటే ఎండను పిలిచే పద్దెం ఒకటి ఉండాదన్నమాట" అంది. అవునన్నాను. "మరి ఇంకేంది? ఆ దినం వద్దన్నోల్లు వద్దన్నారు. ఈ దినం మేము కావల్లంటాండాం. నా చెనిక్కాయలు ఇంట్లోనే మొలకలొచ్చినాయి. పాడు హుసేనప్పా" అంది.

రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే. అందరూ మామ వైపు చూశారు, మామ ఖాసింబీ అత్త వైపు చూశాడు, అత్త నా వైపు చూసింది. నేను మాటిచ్చాను. నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. ఆ నాలుగు పాదాల కోసం అంత దూరం వచ్చి, వద్దని అనడానికి నోరు రాలేదు, పాడమనడానికీ రాలేదు. ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో అంత పనికిరానిదానిలా ఎప్పుడూ కూర్చోలేదు.

మామ ఒక వేలు ఎత్తి భార్యకు చూపించాడు. ఒక్కసారి అని. ఆమె వాన వైపు తిరిగింది. "జీవితమంతా ఊరోల్లు వద్దన్నారు. ఇప్పుడు నేను వద్దంటే నన్ను గూడా ఆల్లతో కలిపేస్తాడు" అని గోడకు చెప్పినట్టు అంది. తరువాత వచ్చి మంచం పట్టె మీద ఆయన పక్కన కూర్చుంది. "ఒక్కసారే. గట్టిగా వద్దు" అంది. నేను లేచి ఒక గిన్నె, మంచినీళ్లు, పాత గుడ్డ తెచ్చుకుని ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. భయం వేసింది, సంతోషమూ వేసింది. రెండూ దాచుకోలేకపోయాను.

హుసేనప్ప మామ రెండు చేతులూ పైకెత్తాడు. పాత అలవాటు. రాగం తీయలేదు, గాలితోనే అందుకున్నాడు.

రమ్ము సూర్యదేవ రాత్రియె నెలలాయె
మంచుకోటలోన మరచినావె

నాకు తెలిసిన రెండు పాదాలు అయిపోయాయి. మూడోది మొదలుపెట్టాడు. ఒక్క కిరణమిచ్చి యోడను కదలించు. 'కదలించు' దగ్గర గొంతు చీలి, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పాత గొంతు బయటికి వచ్చింది. పంచలో ఉన్నవాళ్లంతా కదిలారు. ఆ వెంటనే ఏమీ రాలేదు. నోరు తెరుచుకునే ఉంది. ఊపిరి పోతోంది, వస్తోంది, మాట లేదు. కుడి చేయి మాత్రం తొడ మీద తాళం వేస్తూనే ఉంది. నేను నీళ్ల గ్లాసు అందుకున్నాను. ఇక అయిపోయింది, నాలుగో పాదం పోయింది అనుకున్నాను.

అప్పుడు ఖాసింబీ అత్త అంది. పాడలేదు, కూరకు ఉప్పు చాలిందని చెప్పినంత మామూలుగా అంది.

ఇంటి దీపమొకటి యెదురుచూచు

ఒక్క అక్షరం తప్పలేదు. మామ మెల్లగా ఆమె వైపు తిరిగాడు. నాటకం మొగం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆమె. ఆయన కళ్లు తడిశాయి. పెదవులు కదిలాయి, శబ్దం లేదు, కానీ నాటకాలు చూసి పెరిగిన వాళ్లెవరికైనా ఆ పెదవుల కదలిక అర్థమవుతుంది. వన్స్ మోర్. తన బతుకంతా జనం తనను అడిగిన మాట ఆయన ఆమెను అడిగాడు.

ఆమె తల మీద కొంగు సర్దుకుని, వాన వైపు చూస్తూ, మొదటి పాదం నుంచి మళ్లీ చెప్పింది. ఆయన తాళం వేశాడు. నేను ఏడ్చాను. ఈసారి ముఖం తుడుచుకోలేదు.

ఎండ రాలేదు. అది కూడా చెప్పాలి కదా. లక్ష్మమ్మవ్వ మధ్యాహ్నం దాకా ఆకాశం వైపు చూసి, "మన రాత ఇంతే" అనుకుంటూ లేచి వెళ్లిపోయింది.

రెండు గంటల రైలుకు బయలుదేరాను. మామ గుమ్మం దాకా వచ్చి నా తల మీద చేయి పెట్టాడు. ఖాసింబీ అత్త నాతో పాటు ఆటో ఎక్కి స్టేషను దాకా వచ్చింది. సద్దరొట్టెలు, చింతాకు పొడి మూట కట్టి నా సంచిలో పెట్టింది. రైలు వచ్చేలోపు అడగకుండా ఉండలేకపోయాను. "అత్తా, నాటకం చూళ్లేదంటివే. పద్యం ఎట్లా వచ్చింది?"

ఆమె పట్టాల మీద పడే వానను చూస్తూ నిలబడింది. "నాటకానికి పొయ్యే ముందర గుమ్మం కాడ నిలబడి ఆ పద్దెం పాడుకునేటోడు. ఊళ్లో పాడనియ్యరు గదా, ఇంటికాడనే పాడి పొయ్యేటోడు. ఆ ఆఖరు పాదం మాత్రం నన్ను జూసి పాడేటోడు. ఆయన తిరిగొచ్చేదాకా నేను దాన్నే అనుకుంటా కూసుండేదాన్ని" అంది. సంచి నా చేతికిస్తూ, "ఆపరేషను అయినాంక మళ్లా రా పాపా. ఆయన తాళం ఏస్తాడు, నేను జెప్తా" అంది.

రైలు కదిలింది. ఆమె గొడుగు కింద కనిపించినంత సేపు చూశాను. లండను కిటికీ దగ్గర కూర్చున్న దొరసాని కోసం మా నాయన ఆ పాదం రాశాడు. ఆయన ఎన్నడూ చూడని ఊరు, ఎన్నడూ చూడని మనిషి. ఏ వేదిక మీదా వినిపించలేదని బాధపడుతూనే పోయాడు. మంగంపేటలో ఒక ఇంట్లో అది అన్నేళ్లూ వినిపిస్తూ ఉండేదని ఆయనకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. నా చిన్నతనం, మా బడి, వేదిక మీద ఎగిరిన ఆ తెల్ల పొడి, కంబళ్ల వాసన, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. చాలాకాలానికి నాయన పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

పద్యం మరిచిపోతానేమోనని రాజంపేట దాకా నాలుగు పాదాలూ పైకే చదువుకుంటూ కూర్చున్నాను. ఎదుటి సీటులో కాలేజీ పిల్లలా ఉన్న అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. "ఆంటీ, అదేం పద్యం?" అని అడిగింది. మంచు నాటకంలోది అన్నాను. "బాగుంది. ఎవరు పాడతారు ఇప్పుడు?"

హుసేనప్ప అని చెప్పబోయి ఆగాను. "మంగంపేటలో ఖాసింబీ అని ఉంది. ఆమె చెబుతుంది. ఓబులవారిపల్లెలో దిగి ఆటో ఎక్కు, ఎవర్నడిగినా ఇల్లు చూపిస్తారు" అన్నాను.